తీగలు మార్చకుండా వెలుతురు తగ్గించే మీటలు

కిరసనాయిలు లాంతరును మీరు చూసే ఉంటారు. దాని పక్కన చిన్న చక్రంలాంటి మీట ఒకటి ఉంటుంది. ఒకవైపు తిప్పితే వత్తి పైకి లేచి వెలుతురు పెరుగుతుంది. రెండోవైపు తిప్పితే వత్తి లోపలికి దిగి వెలుతురు తగ్గుతుంది. వెనకటి రోజుల్లో పిల్లలు చదువుకునే వేళ వత్తి పెంచేవారు. పడుకోబోయే ముందు బాగా తగ్గించి ఓ మూల పెట్టేవారు. తెల్లవార్లూ అది మినుకు మినుకుమంటూ ఉండేది.

కరెంటు దీపాలు వచ్చాక ఇంట్లో వెలుతురు ఎన్నో రెట్లు పెరిగింది గాని, ఈ ఒక్క సదుపాయం మాత్రం పోయింది. స్విచ్చి వేస్తే పూర్తి వెలుతురు, తీసేస్తే కటిక చీకటి. మధ్యస్థం లేదు. అర్ధరాత్రి మీ నాయనమ్మ మంచినీళ్ళకోసం లేచిందనుకోండి. దీపం వేస్తే పక్కన పడుకున్న పసివాడు ఉలిక్కిపడి లేస్తాడు. వెయ్యకపోతే చీకట్లో గడప తగిలి పడిపోతుందేమోనని భయం. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం దిగడం కష్టం. కాబట్టి వెలుతురును తగ్గించుకోగలగడం అనేది ఒట్టి సోకు కాదు.

ఇప్పుడు బజారులో తీగలు లేని డిమ్మర్లు దొరుకుతున్నాయి. గోడ పగలగొట్టనక్కరలేదు, కొత్త తీగలు లాగనక్కరలేదు, అద్దె ఇల్లయినా ఫరవాలేదు అని అమ్మేవాళ్ళు చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది. కాని సగమే. వెలుతురు తగ్గించడం ఒక పని. తగ్గించమని ఆజ్ఞ ఇవ్వడం మరొక పని. తీగ లేకుండా జరిగేది రెండోది మాత్రమే. మొదటి పని ఇంకా మీ ఇంటి తీగలూ, మీ ఇంటి బల్బూ కలిసి చేయవలసిందే. ఈ తేడా తెలియకపోతే డబ్బు ఖర్చవుతుంది, దీపం మాత్రం మాట వినదు. ఎందుకో చూద్దాం.

స్విచ్చి వెనక ఏముంది?

మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. దీపానికి రెండు తీగలు కావాలి. ఒకటి ఫేజు తీగ, రెండోది న్యూట్రల్ తీగ. విద్యుత్తు ఒకదాని వెంట వచ్చి రెండోదాని వెంట పోయే దారి పూర్తయితేనే దీపం వెలుగుతుంది. స్విచ్చి ఈ దారికి తలుపు లాంటిది. ఆ తలుపును ఎప్పుడూ ఫేజు తీగ మీదే పెడతారు. అంటే ఫేజు తీగ ముందు స్విచ్చికి వచ్చి, అక్కణ్ణుంచి దీపానికి పోతుంది. న్యూట్రల్ తీగ స్విచ్చితో పని లేకుండా తిన్నగా దీపానికే పోవచ్చు.

కనక దీపం స్విచ్చి మాత్రమే ఉన్న బోర్డు వెనక న్యూట్రల్ తీగ లేకపోవడానికి ఆస్కారం ఉంది. అదే బోర్డు మీద ప్లగ్గు పెట్టుకునే సాకెట్టు కూడా ఉంటే, ఆ సాకెట్టు కోసం న్యూట్రల్ తీగ వచ్చి తీరుతుంది. ఈ చిన్న విషయం గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పెద్ద పని ఉంది.

అడ్డం పెడితే వేడి

వెలుతురు తగ్గాలంటే దీపానికి అందే విద్యుచ్ఛక్తి తగ్గాలి. దీనికి అందరికీ తట్టే ఉపాయం, దారిలో ఒక నిరోధాన్ని అడ్డం పెట్టడం. లెక్క వేసి చూద్దాం. తంతువు ఉన్న 100 వాట్ల పాతకాలపు బల్బును తీసుకోండి. వోల్టేజి వర్గాన్ని వాట్లతో భాగిస్తే దాని నిరోధం తెలుస్తుంది. 230ని 230తో హెచ్చించి 100తో భాగిస్తే 529 ఓములు. దీనికి వరసలో మరో 529 ఓముల నిరోధం కలిపామనుకోండి. మొత్తం నిరోధం రెట్టింపవుతుంది, ప్రవాహం సగమవుతుంది. లెక్క తేలిగ్గా ఉండడానికి తంతువు నిరోధం మారదనుకుంటే, బల్బుకు 25 వాట్లు అందుతాయి. మనం అడ్డం పెట్టిన నిరోధం కూడా సరిగ్గా 25 వాట్లే తిని, దాన్నంతా వేడిగా మార్చేస్తుంది.

అంటే దీపం ఎంత తిన్నదో అడ్డంకీ అంతే తిన్నది! పాత ఇళ్ళలో ఫ్యానుకు పెద్ద డబ్బా రెగ్యులేటరు ఉండేది. ఫ్యాను నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. ఆ వెచ్చదనం ఇదే. గోడలో స్విచ్చి పట్టేంత చిన్న చోట ఇంత వేడి పుట్టిస్తే ప్రమాదం.

ముక్కలుగా కోస్తే?

రెండో ఉపాయం చాలా తమాషాగా ఉంటుంది. ప్రవాహాన్ని సన్నబరచడానికి బదులు, దాన్ని కాలంలో ముక్కలుగా కోసి, కొన్ని ముక్కలే దీపానికి పంపడం!

మన ఏకాంతర విద్యుత్తు సెకండుకు 50 సార్లు ఊగుతుంది. ఒక్కొక్క ఊపులో ముందుకు ఒక అల, వెనక్కు ఒక అల. మొత్తం సెకండుకు 100 అలలు. ఒక్కొక్క అల సెకండులో నూరోవంతు, అంటే 10 మిల్లీసెకండ్లు ఉంటుంది. ప్రతి అలలోనూ మొదటి 5 మిల్లీసెకండ్లు తలుపు మూసి ఉంచి, తరవాతి 5 మిల్లీసెకండ్లు తెరిచామనుకోండి. బల్బుకు సగం శక్తే అందుతుంది. తలుపు పూర్తిగా మూసినప్పుడు దాని గుండా ప్రవాహం లేదు. పూర్తిగా తెరిచినప్పుడు అడ్డు లేదు. కాబట్టి తలుపులో వేడి పుట్టడం బహు తక్కువ.

సెకండుకు 100 సార్లు తెరుచుకునే తలుపు ఏమిటంటారా? అది అర్ధవాహక పదార్థంతో చేసిన థైరిస్టర్ అనే పరికరం. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ దీన్ని బయటకు తెచ్చింది. 1959లో జోయెల్ స్పైరా అనే యువ భౌతిక శాస్త్రజ్ఞుడు న్యూయార్కులోని తన ఇంట్లోనే ప్రయోగాలు చేసి, దీనితో మామూలు గోడ స్విచ్చి చోటులో ఇమిడిపోయే డిమ్మరు తయారుచేశాడు. 1961లో లుట్రాన్ అనే కంపెనీ పెట్టాడు. అంతకు ముందు వెలుతురు తగ్గించే సాధనాలు నాటకశాలల్లాంటి చోట్ల పెద్ద పెద్ద యంత్రాలుగా ఉండేవి. ఇప్పుడు ఫ్యాను వేగం మార్చే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు కొన్నిటిలో ఉండే ట్రయాక్, ఈ థైరిస్టర్‌కు తోబుట్టువే. ముందుకు వచ్చే అలనూ, వెనక్కు పోయే అలనూ రెండింటినీ అది ఒక్కటే కోయగలదు.

మాట వినని ఎల్.ఇ.డి.

తంతువు బల్బుకు ఈ కోత బాగా సరిపోయింది. తంతువు వేడెక్కి ఉంటుంది గనక, అల రాని 5 మిల్లీసెకండ్లలో చల్లారిపోదు. మరి ఇప్పుడు మన ఇళ్ళలో ఉన్నవి ఏ బల్బులు? దాదాపు అన్నీ ఎల్.ఇ.డి. బల్బులే. 2015లో మన దేశంలో ఉజాలా పథకం మొదలయ్యాక, ఆ ఒక్క పథకం కిందే 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంచారు.

ఎల్.ఇ.డి. కూడా అర్ధవాహకమే. దానికి ఏకదిశలో పారే తక్కువ వోల్టేజి విద్యుత్తు కావాలి. అందుకని ప్రతి బల్బు అడుగున 'డ్రైవర్' అనే చిన్న సర్క్యూటు దాగి ఉంటుంది. 230 వోల్టులు ఎలా వచ్చినా, ఎల్.ఇ.డి.కి మాత్రం ఎప్పుడూ ఒకే ప్రవాహం అందేలా చూడడం దాని ఉద్యోగం. ఇప్పుడు మీరు గోడ దగ్గర అలలను కోసి పంపితే ఏమవుతుంది? 'అయ్యో, తక్కువ వస్తోందే!' అని డ్రైవరు లోటు పూడ్చడానికి ప్రయత్నిస్తుంది. మీరు తగ్గించమంటారు, అది తగ్గనివ్వనంటుంది. ఈ పెనుగులాటలో దీపం గిలగిల కొట్టుకుంటుంది, గుయ్యిమంటుంది, ఒక్కోసారి డ్రైవరే కాలిపోతుంది.

కాబట్టి గోడ డిమ్మరుతో వాడాలంటే, ఆ కోతను 'తగ్గించు' అనే ఆజ్ఞగా అర్థం చేసుకునే డ్రైవరు ఉన్న బల్బే కొనాలి. అట్టపెట్టె మీద 'డిమ్మబుల్' అని రాసి ఉందా అని చూడండి. రాసి లేకపోతే కాదనే అర్థం. బజారులో దొరికే మామూలు 9 వాట్ల బల్బులూ, ట్యూబులైటు ఆకారంలో ఉండే ఎల్.ఇ.డి. పట్టీలూ చాలామటుకు డిమ్మబుల్ కావు.

ఎల్.ఇ.డి.ని సుఖంగా తగ్గించే పద్ధతి వేరే ఉంది. డ్రైవరులోనే కూర్చుని, ఎల్.ఇ.డి.ని సెకండుకు వెయ్యిసార్లో అంతకన్న ఎక్కువసార్లో వెలిగించి ఆర్పడం. ప్రతిసారీ పదింట మూడు వంతుల కాలమే వెలిగిస్తే వెలుతురు 30 శాతం. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు మారితేనే మన కన్ను వాటిని విడివిడిగా చూడలేదు. మరి వెయ్యిసార్లు ఆరి వెలిగేదాన్ని ఏం పోల్చుకుంటుంది? ఒకే మాదిరి మంద కాంతిగానే కనిపిస్తుంది.

గోడ దాటిన గంట

ఇప్పుడు ఆజ్ఞ సంగతి. తీగ లేకుండా ఆజ్ఞ పంపే సాధనం మీ ఇంట్లో ఇదివరకే ఉంది. అదే టీవీ రిమోటు. అది పంపేది పరారుణ కిరణాలను. అవీ కాంతి కిరణాలే గనక గోడ దాటవు. మీ అరచెయ్యి అడ్డం పెట్టినా ఆగిపోతాయి. పక్క గదిలోని దీపానికి చెప్పాలంటే రేడియో తరంగాలు కావాలి.

ఈ పని మొట్టమొదట చేసి చూపినవారిలో మన జగదీశ్ చంద్ర బోస్ ఒకరు. 1890లలో కలకత్తా టౌన్ హాలులో ఆయన ఒకచోట పుట్టించిన విద్యుదయస్కాంత తరంగాలు గోడలు దాటి వెళ్ళి, దూరాన ఉన్న గంటను మోగించాయి, తుపాకిమందును పేల్చాయి. తీగ లేకుండా ఒక పరికరానికి 'పని మొదలుపెట్టు' అని చెప్పడం అంటే ఇదే కదా!

నేటి మీటలు ఎక్కువగా 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం గల తరంగాలను వాడతాయి. సెకండుకు 240 కోట్ల కంపనాలన్నమాట. కాంతి వేగాన్ని ఈ అంకెతో భాగిస్తే తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు వస్తుంది. ఇవి ఇటుకగోడను దాటగలవు, కొంత బలం కోల్పోతాయి. ఇనప చువ్వలున్న కాంక్రీటులో ఇంకా ఎక్కువ నీరసిస్తాయి. ఇనప బీరువా అడ్డం వస్తే వెనక్కు తిరిగిపోతాయి. కనక మీట ఎక్కడ పెట్టాలో ఎంచుకునేటప్పుడు బీరువా ఎక్కడుందో కూడా చూసుకోవాలి.

ఆ తరంగాల మీద వెళ్ళే కబురు చాలా చిన్నది. 'ఫలానా నంబరు దీపమా, 30 శాతానికి దిగు' అంటే చాలు. ఎనిమిది బిట్లతో 256 అంకెలు చెప్పవచ్చు గనక, వెలుతురులో అన్ని మెట్లు చెప్పడానికి ఎనిమిది బిట్లు చాలు. కబురు చిన్నది కాబట్టే, గుండీ అంత బ్యాటరీతో నడిచే మీట నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. అసలు బ్యాటరీయే లేని మీటలు కూడా ఉన్నాయి! వాటిలో మీరు మీట నొక్కగానే ఒక చిన్న అయస్కాంతం తీగచుట్ట దగ్గర చటుక్కున కదులుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ వల్ల చుట్టలో క్షణకాలం విద్యుత్తు పుడుతుంది. ఆ కాస్త విద్యుత్తే కబురు పంపడానికి సరిపోతుంది. మీ వేలి బలమే దానికి బ్యాటరీ.

మీట మేలుకుని ఉండాలంటే

ఇక చిక్కు ముడి దగ్గరికి వచ్చాం. కబురు పంపేవాడు పంపాక నిద్రపోవచ్చు. కాని కబురు అందుకునేవాడు అనుక్షణం మేలుకుని ఉండాలి. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు కదా! మేలుకుని ఉండడానికి దానికి ఎంతో కొంత విద్యుత్తు కావాలి.

గోడలో స్విచ్చి స్థానంలో రేడియో డిమ్మరు పెట్టారనుకోండి. బోర్డులో న్యూట్రల్ తీగ ఉంటే బాధ లేదు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య అది తన తిండి తాను తింటుంది. న్యూట్రల్ లేకపోతే? దానికి మిగిలిన దారి ఒక్కటే. దీపం ఆర్పి ఉన్నప్పుడు కూడా దీపం గుండానే రవ్వంత ప్రవాహాన్ని లాక్కోవాలి. 100 వాట్ల తంతువు బల్బుకు ఆ రవ్వంత లెక్కలోకే రాదు. ఎల్.ఇ.డి. బల్బు మాత్రం ఆ కొంచెంతోనే దయ్యంలా మసకమసగ్గా వెలుగుతుంది. లేదా డ్రైవరులోని కెపాసిటరు కొంచెం కొంచెంగా నిండి, ఉండుండి మిణుగురులా ఒక మెరుపు మెరుస్తుంది. ఆర్పిన దీపం రాత్రంతా మెరుస్తూ ఉంటే ఇంట్లోవాళ్ళు హడలిపోరూ!

దీనికి మందు ఉంది. దీపానికి సమాంతరంగా ఒక చిన్న కెపాసిటరును ఎలక్ట్రీషియను బిగిస్తే ఆ రవ్వంత ప్రవాహం పక్కదారిన పోతుంది. కాని అసలు రోగం రాకుండా చూసుకోవడం మేలు. అందుకే కొనే ముందు 'మా బోర్డులో న్యూట్రల్ ఉందా?' అని తెలుసుకోవాలి.

మూడు దారులు

ఇంతవరకు తెలుసుకున్నదాన్ని బట్టి, తీగలు మార్చకుండా వెలుతురు తగ్గించడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, బల్బే మార్చడం. రేడియో, డ్రైవరు రెండూ బల్బులోనే ఉంటాయి. హోల్డరులో పెట్టడమే. ఫేజు, న్యూట్రల్ రెండూ హోల్డరులో ఉంటాయి గనక మేలుకుని ఉండడానికి ఇబ్బంది లేదు. వెలుతురు తగ్గించే పద్ధతి కూడా డ్రైవరులోనే ఉంది గనక పెనుగులాట లేదు. అద్దె ఇంటికి ఇదే అనువైన దారి. ఇల్లు మారితే బల్బు ఊడదీసి పట్టుకుపోవచ్చు. లోటు ఒకటుంది. గోడ స్విచ్చి ఎప్పుడూ వేసే ఉండాలి. అలవాటు కొద్దీ తాతయ్య టక్కున స్విచ్చి తీసేశాడా, బల్బుకు చెవుడు వచ్చినట్లే. కాబట్టి బల్బుతోపాటు బ్యాటరీ మీట ఒకటి కొని గోడ స్విచ్చి పక్కనే అంటించాలి. లేకపోతే ఇంటిల్లిపాదీ దీపం కోసం ఒక్క ఫోను చుట్టూ తిరగవలసి వస్తుంది.

రెండోది, స్విచ్చి బోర్డులో డిమ్మరు పెట్టించడం. ఇంట్లోవాళ్ళ అలవాటు మారనక్కరలేదు. పాత చోటే, పాత మీటే. కాని దీనికి న్యూట్రల్ కావాలి, డిమ్మబుల్ బల్బు కావాలి, ఎలక్ట్రీషియను కావాలి. అద్దె ఇల్లయితే ఇంటివారి అనుమతి కూడా కావాలి. దీపాల డిమ్మరుకు ఫ్యానును తగిలించకూడదు. మోటారుకు సరిపడేలా దాన్ని తయారుచేయలేదు.

మూడోది, ప్లగ్గుకూ దీపానికీ మధ్య పెట్టే డిమ్మరు. బల్ల దీపాలకు ఇది చాలు. గోడకు సంబంధమే లేదు. డిమ్మబుల్ బల్బు మాత్రం ఉండాలి.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుని మనమే ఎంచుదాం. రెండు గదులు, హాలు, వంటిల్లు, పైకి మెట్లు ఉన్న అద్దె ఇల్లు. నాయనమ్మ గదిలో బల్బు మార్చి, మంచం పట్టెకు చేతికి అందేలా మీట అంటిస్తే సరిపోతుంది. పదో తరగతి పరీక్షలకు చదివే అక్కయ్య బల్లదీపానికి మూడో దారి చాలు. హాలులో ట్యూబులైటు ఉంది. దాన్ని తగ్గించాలంటే మొత్తం మార్చాలి. దానికన్న, ఒక మూల హోల్డరులో మొదటి రకం బల్బు పెట్టి, టీవీ చూసేటప్పుడు ట్యూబులైటు ఆర్పేసి ఇది వెలిగించుకోవడం చవక. మెట్ల దీపానికి కింద ఒకే స్విచ్చి ఉందనుకోండి. పైన రెండో స్విచ్చి కావాలంటే గోడ తవ్వి తీగలు లాగాలి. రేడియో బల్బు పెడితే కింద ఒక మీట, పైన ఒక మీట అంటిస్తే పని అయిపోతుంది. వంటింట్లో కత్తిపీటా, పొయ్యీ ఉంటాయి గనక అక్కడ వెలుతురు తగ్గించే పనే లేదు. మామూలు బల్బే మంచిది.

ఏ భాష మాట్లాడుతుంది?

మీటకూ బల్బుకూ ఒకే భాష రావాలి. వైఫై బల్బు ఇంట్లోని రౌటరుతో తిన్నగా మాట్లాడుతుంది. రౌటరు ఉన్న ఇంటికి వేరే పెట్టె అక్కరలేదు. బ్లూటూత్ బల్బు దగ్గరలో ఉన్న ఫోనుతో మాట్లాడుతుంది. ఒక్క గదికి బాగుంటుంది. జిగ్‌బీ అనేది మూడో భాష. తేనెటీగలు నాట్యం చేసి తోటి ఈగలకు పూల జాడ చెబుతాయి కదా, ఈ పేరు దాన్నిబట్టి వచ్చిందే. ఇందులో ఒక బల్బు తనకు అందిన కబురును పక్క బల్బుకు అందిస్తుంది. వెనక మంటలార్పడానికి బావి దగ్గరనుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకునేవారే, అలాగన్నమాట. అందువల్ల పెద్ద ఇంట్లో చివరి గదికి కూడా కబురు చేరుతుంది. కాని దీన్ని రౌటరుతో కలపడానికి చాలాసార్లు ఒక పెట్టె విడిగా కొనాలి. మధ్యలో ఒక బల్బును గోడ స్విచ్చితో ఆర్పేస్తే వరసలో ఒక మనిషి తగ్గినట్లే.

వేరు వేరు కంపెనీల వస్తువులు ఒకరి మాట ఒకరికి అర్థం కాక ఇబ్బంది పడుతుంటే, అందరికీ ఉమ్మడి భాషగా 2022 అక్టోబరులో మేటర్ అనే ప్రమాణం వచ్చింది. పెట్టె మీద ఆ గుర్తు ఉంటే కంపెనీలు వేరైనా కలిసి పనిచేసే అవకాశం ఎక్కువ.

మరో ప్రశ్న అడగడం మరవకండి. 'ఇంటర్‌నెట్ పోతే మీట పనిచేస్తుందా?' కొన్ని బల్బులకు మీరు పక్కనే ఉండి ఇచ్చే ఆజ్ఞ కూడా ఎక్కడో దూరదేశంలోని కంప్యూటరుకు పోయి తిరిగిరావాలి. ఆ కంపెనీ మూతబడితే? 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇలాంటి పరికరాలు అమ్మే ఒక కంపెనీ చెప్పాపెట్టకుండా తన కంప్యూటర్లను ఆపేసింది. వాటి మీద ఆధారపడిన ఇళ్ళలో ఫోను ద్వారా ఇచ్చే ఆజ్ఞలు రాత్రికి రాత్రి పనిచేయడం మానేశాయి. నాయనమ్మ దీపం అలాంటి దారానికి వేలాడకూడదు. మీట నొక్కితే కబురు ఇంట్లోనే తిరిగి దీపానికి చేరాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా అడగండి. చాలా రేడియో బల్బులు కరెంటు రాగానే పూర్తి వెలుతురుతో వెలుగుతాయి. రాత్రి రెండు గంటలకు అలా జరిగితే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. 'ముందు ఎలా ఉన్నావో అలాగే ఉండు' అని అమర్చుకునే వీలున్న బల్బు ఎంచుకోవాలి.

ఖర్చు లెక్క

రేడియో బల్బు ఆరి ఉన్నప్పుడు కూడా మేలుకునే ఉంటుంది గదా. అది ఎంత తింటుంది? ఐరోపా దేశాల నిబంధనల ప్రకారం 2021 సెప్టెంబరు నుంచి అది అర వాటు దాటకూడదు. అర వాటే అనుకుని లెక్క వేద్దాం. రోజుకు 24 గంటలు, ఏడాదికి 365 రోజులు. 0.5ను 24తో, 365తో హెచ్చిస్తే 4380 వాట్ గంటలు, అంటే సుమారు 4.4 యూనిట్లు. ఒక్క బల్బుకైతే పెద్ద ఖర్చు కాదు. ఇల్లంతా పది బల్బులు పెడితే, ఆరి ఉండి కూడా ఏడాదికి దాదాపు 44 యూనిట్లు!

ఇప్పుడు మరొకటి చూడండి. రాత్రిపూట వేసుకునే జీరో బల్బు మీకు తెలుసు. పేరుకు జీరో అయినా, తంతువున్న పాత రకం 10 నుంచి 15 వాట్ల దాకా తినేది. ఇప్పుడొచ్చే ఎల్.ఇ.డి. రకం అర వాటుతోనే వెలుగుతుంది. రేడియో బల్బు ఆరి ఉండి తినేదానితో ఇది వెలుగుతుందన్నమాట! కాబట్టి నాయనమ్మ గదిలో రాత్రి మంద వెలుతురు ఉంటే చాలు, వేరే అవసరం లేదంటే, ఈ చిన్న బల్బే గెలుస్తుంది. ఆమె మంచం దిగి స్విచ్చి దాకా నడవలేదు, లేదా ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ వెలుతురు కావాలి అంటే అప్పుడు రేడియో మీట గెలుస్తుంది. కొత్తది కనక మంచిదనీ, పాతది కనక పనికిరాదనీ అనుకోకూడదు. ఏ పనికి ఏది సరిపోతుందో చూడాలి.

వెలుతురును ఎంతకు తగ్గించాలి? ఇక్కడ మన కన్ను చేసే తమాషా ఒకటుంది. వెలుతురును కొలిచే సాధనం 25 శాతం అని చెప్పినప్పుడు మన కంటికి సుమారు సగం ఉన్నట్లు తోస్తుంది. వెలుతురు తగ్గగానే కంటిపాప పెద్దదవుతుంది. కన్ను తనను తాను సర్దుకుంటుంది. అందుచేత రాత్రి నడవడానికి కొద్ది శాతమే సరిపోతుంది. ఏ బల్బు ఎంత కిందికి దిగగలదో పెట్టె మీద చూడండి. 10 శాతం దగ్గరే ఆగిపోయే బల్బు, చీకటికి అలవాటుపడిన కంటికి ఇంకా వెలుగుగానే ఉంటుంది.

ఒక్క హెచ్చరిక

స్విచ్చి బోర్డు విప్పడం మీ పని కాదు. 230 వోల్టులు ప్రాణం తీయగలవు. మరొకటి, డిమ్మరుతోనో రేడియో మీటతోనో దీపం ఆర్పితే హోల్డరులో విద్యుత్తు లేనట్లు కాదు. ఆరిన దీపానికి కూడా ఫేజు అందుతూ ఉండవచ్చునని పైన చూశాం. బల్బు మార్చాలంటే మెయిన్ స్విచ్చి తీసి, పెద్దవాళ్ళు మార్చాలి.

మీరే చేసి చూడండి

1. రాత్రిపూట ఇంట్లోని దీపం కింద ఒక పెన్సిలును విసనకర్రలా వేగంగా అటూ ఇటూ ఊపండి. పెన్సిలు ఒకే మసక పట్టీలా కనిపిస్తే దీపం నిలకడగా వెలుగుతోందన్నమాట. విడివిడి పెన్సిళ్ళు వరసగా కనిపిస్తే అది వేగంగా ఆరి వెలుగుతోందన్నమాట. ఇంట్లోని దీపాలన్నిటినీ ఇలా పరీక్షించి పట్టిక వేయండి.

2. టీవీ రిమోటుకు ముందు అరచెయ్యి, తెల్ల కాగితం, గాజు పలక, స్టీలు పళ్ళెం ఒక్కొక్కటీ అడ్డం పెట్టి, దేని గుండా ఆజ్ఞ పోతుందో రాసుకోండి. కిరణాలు గోడకు తగిలి వెనక్కు తిరిగి టీవీని చేరడం కూడా గమనించవచ్చు.

3. మీ ఇంట్లో ఏయే బోర్డుల మీద సాకెట్టు ఉందో బయటినుంచే చూసి లెక్కపెట్టండి. ఏ బోర్డులో న్యూట్రల్ తప్పకుండా ఉంటుందో, ఏ బోర్డు సంగతి ఎలక్ట్రీషియనునే అడగాలో చెప్పగలరా?

చివరగా ఒక చిక్కు ప్రశ్న. న్యూట్రల్ లేని చోట పెట్టిన రేడియో డిమ్మరు, దీపాన్ని నూటికి నూరు శాతం వెలిగించలేదు. ఎందుకు? తలుపు బార్లా తెరిచి ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ కాపలావాడికి తిండి ఎక్కణ్ణుంచి వస్తుందో ఆలోచించండి. జవాబు దొరుకుతుంది.